నవ్వుకి గీటురాయి

నేను కనిపెట్టిన యంత్రం నా సొంత చెల్లెలి కార్యక్రమాన్ని ఎగతాళి అని తేల్చింది. అదీ ఒకటి రెండు పాయింట్ల తేడాతో కాదు. ఎరుపు డెబ్బై ఒకటి. నలభై దాటితే ఆ కార్యక్రమం ప్రసారం ఆపేయాలని టీవీ సంస్థల సంఘం రెండేళ్ళ కిందట రూలు పెట్టుకుంది. ఆ రూలు పెట్టుకున్నది నా యంత్రాన్ని నమ్మే.

యంత్రం పేరు గీటురాయి. రూపాయి బిళ్ళంత ఉంటుంది. గొంతు కింద, మెడ ఎముక మీద అంటించుకోవాలి. మనిషి నవ్వినప్పుడు ఊపిరి ముక్కలు ముక్కలుగా తెగుతుంది. ఏ ముక్క ఎంత పొడుగు, ఎక్కడ ఆగింది, మళ్ళీ ఎక్కడ అందుకుంది అన్నది గీటురాయి వింటుంది. ఎదుటివాళ్ళతో కలిసి నవ్వే నవ్వయితే పచ్చ అంటుంది, ఎదుటివాళ్ళను చూసి నవ్వే నవ్వయితే ఎరుపు అంటుంది. నూటికి ఎన్ని నవ్వులు ఎర్రబడ్డాయన్నదే దాని అంకె. నవ్వును నటించవచ్చు గాని ఊపిరిని నటించడం ఎవరి తరమూ కాదని నేను నాలుగు దేశాల్లో ఉపన్యాసాలిచ్చి వచ్చాను. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి.

దాన్ని మొదట వాడుకున్నది సింగిడి పురస్కారాల వాళ్ళు. సింగిడి అంటే తెలంగాణలో ఇంద్రధనుస్సు. టీవీ హాస్యంలో హిజ్రాలను, ట్రాన్స్ వాళ్ళను, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళను, మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళను మనుషుల్లా చూపించిన కార్యక్రమానికి ఏటా ఇచ్చే బహుమతి అది. ముందు ముగ్గురు జడ్జీలుండేవారు. ఎనిమిదేళ్ళలో ఐదుసార్లు వాళ్ళు ఆ బహుమతిని, పన్నెండు వారాలు లేడీ గెటప్పు వేసి చివరి వారం ఏడ్చిన మగ నటుడికే ఇచ్చారు. ఆ గోల భరించలేక జడ్జీలను పంపేసి యంత్రాన్ని కూర్చోబెట్టారు.

ఈ ఏడాది తుది పోటీకి రెండు మిగిలాయి. ఒకటి పేరున్న హీరో గే లెక్చరరుగా వేసిన ధారావాహిక. ఆయన అందులో పన్నెండు ఎపిసోడ్లు ఇతరుల పెళ్ళిళ్ళు చేయించాడు గాని ఆయన చెయ్యి పట్టుకునే మనిషి ఒక్కడూ కథలోకి రాలేదు. దానికి పచ్చ అరవై ఎనిమిది, అంటే ఎరుపు ముప్పై రెండు. రెండోది ‘అద్దె ఇల్లు’. హైదరాబాదులో ఇల్లు వెతుక్కునే ముగ్గురు ట్రాన్స్ స్త్రీల కథ. రాసింది, ముఖ్య పాత్ర వేసింది నా చెల్లెలు మునిలక్ష్మి. చిన్నప్పుడు ఇంట్లో అందరూ తమ్ముడనుకున్నారు, నాతో సహా. ఆ పాత పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆమె ఏనాడూ పలకలేదు.

తుది కొలత వచ్చిన మర్నాడు మధ్యాహ్నం యూసఫ్‌గూడలో ఆమె ఉండే పోర్షనుకు వెళ్ళాను. మునిలక్ష్మి స్టవ్ ముందు నిలబడి రాగి సంగటి కెలుకుతోంది. తిరుపతి వదిలి ఇరవయ్యేళ్ళయినా ఆదివారం సంగటి, ఊరుబిండి పచ్చడి ఉండాల్సిందే.

“డెబ్బై ఒకటంట గదా,” అంది నన్ను చూడకుండానే.

“నీకెవరు చెప్పినారు?”

“చానలోళ్ళు పొద్దున్నే ఫోన్ చేసినారులే. బహుమతి నాడు అంకె బయటపెడతారంట. ఆ మర్నాటి నుంచి మా కార్యక్రమం ఉండదంట. ఈ ఇంట్లో ముగ్గురం దాని మీదే బతకతా ఉండామని వాళ్ళకు తెలీదా ఏంది.”

నేను మంచం మీద కూర్చుని, దారంతా తయారు చేసుకున్న మాట బయటపెట్టాను. ఎరుపు సగానికి పైగా ఒకే సన్నివేశంలో వచ్చింది. అది తీసేస్తే, మిగతాది మళ్ళీ కొలిపించే వీలుంటుందేమో అడుగుతాను.

“ఏ సీను?”

“ఇంటావిడ సీను.”

మునిలక్ష్మి గరిటె పక్కన పెట్టింది. ఆ సీను నాకు బాగా తెలుసు. ఇంటావిడ ముగ్గురినీ కిందికీ పైకీ చూస్తుంది. చాలాసేపు చూస్తుంది. ‘ఇంతకీ మీరూ...’ అని నసుగుతుంది. ‘అడగండమ్మా, మాకు అలవాటే’ అంటుంది మునిలక్ష్మి. ‘నాన్‌వెజ్ తింటారా?’ అంటుంది ఇంటావిడ. అప్పుడు మునిలక్ష్మి తలవంచుకుని, ‘ఆడా మగా అంటే ఏదో ఒకటి చెప్పి ఒప్పించేవాళ్ళం గాని, చేపల పులుసు మాత్రం మానలేమమ్మా’ అంటుంది. కొలత రోజు హాల్లో రెండు వందల మంది నవ్వారు. నాలుగో వరుసలో ఒకామెకు పొలమారి నీళ్ళు తాగించాల్సి వచ్చింది. వాళ్ళందరి గొంతుల కిందా బిళ్ళలు ఎర్రగా వెలిగాయి.

“అది నేను మూడు నెలలు కూర్చుని రాసుకున్న సీను,” అంది మునిలక్ష్మి. “దాన్ని చూసి నవ్వినోళ్ళలో సగం మంది నా మాదిరోళ్ళే. వాళ్ళు నన్ను ఎగతాళి చేసినారా? నీ మిషన్‌కి చెవుల్లో గుబిలి పట్టిందేమో చూసుకోక్కా.”

“మిషన్ తప్పు చెయ్యదు మే. వెయ్యి రకాలుగా పరీక్షించినాము.”

“అయితే నవ్వినోళ్ళు తప్పు చేసినారా?”

ఆమె పళ్ళెంలో సంగటి పెట్టి నా ముందుంచింది. నేను తిని గడప దాటుతుంటే, “సీను తీసేది లేదక్కా. ఆపితే ఆపుకోమను,” అంది.

సోమవారం పొద్దున్నే ప్రయోగశాలకు వెళ్ళి ఫర్హానాను పిలిచాను. లెక్కలన్నీ ఆ అమ్మాయి చేతిలోనే ఉంటాయి. ఎనిమిదేళ్ళుగా నాతో పనిచేస్తోంది, నా కోపానికి భయపడని వాళ్ళలో మొదటిది.

“ఆ హాల్లో ఎర్రబడ్డ నవ్వులన్నీ తీసి, మన దగ్గరున్న మొదటి నమూనాల్లో దేనికి దగ్గరగా ఉన్నాయో చూడు,” అన్నాను.

గీటురాయికి నవ్వుల తేడా పుట్టుకతో తెలియదు. ఇది ఎగతాళి, ఇది కాదు అని ఎవరో ఒకరు మొదట చెప్పాలి. అలా నేను స్వయంగా విని, రంగు రాసిపెట్టినవి మూడు వందల పన్నెండు నమూనాలు. ఆ తర్వాత వచ్చిన లక్షల నవ్వులను యంత్రమే వాటితో పోల్చుకుని నేర్చుకుంది.

గంట తర్వాత ఫర్హానా వచ్చి నా ఎదురుగా కూర్చుంది. “మేడమ్, అన్నీ ఒకే దగ్గరికి పోతున్నయి. ఏడో నంబరు. జర వినుండ్రి,” అని వినిపించింది.

వినక్కర్లేదు. అది ఏమిటో నాకు తెలుసు. నాకు పదహారేళ్ళప్పుడు, మునిలక్ష్మికి తొమ్మిదేళ్ళప్పుడు తిరుపతి గంగమ్మ జాతరలో మా చిన్నాన్న తీసిన వీడియో అది. జాతరలో మగవాళ్ళు మొక్కుకుని ఆడవేషం కడతారు. ఇంట్లో ఆడవాళ్ళే కూర్చోబెట్టి చీర కట్టి, జడ వేసి, పూలు పెడతారు. వేషగాళ్ళు వీధిలోకి వస్తే జనం బూతులు తిడతారు. ఆడపిల్లలను చెరిచిన పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడని, వాడు రోషం పుట్టి బయటికి రావాలని ఆ తిట్లు. తిట్టకపోతే మొక్కు తీరనట్టే. ఆ ఏడు మా అవ్వ వాకిట్లో జనం మధ్యే తన మామిడిపండు రంగు చీరను మడతలు వేసి నా చెల్లెలికి కట్టింది. వీధంతా తిట్లు, నవ్వులు. నేను వాకిట్లో నిలబడి ఏడ్చాను. ఇంత చిన్నబిడ్డను ఇంతమంది కలిసి నవ్వులపాలు చేస్తున్నారని. గీటురాయి ఆలోచన నాలో పుట్టింది ఆ వాకిట్లోనే. ఎప్పటికైనా ఆ నవ్వులను పట్టి చూపిస్తానని అనుకున్నాను.

అందుకే శాస్త్రవేత్తనయ్యాక మొదట ఆ వీడియోనే తెచ్చుకున్నాను. అందులో వినిపించిన ప్రతి నవ్వును విడదీసి, ఒక్కోదానికి నంబరు వేసి, ఎరుపు అని రాశాను. ఆరో నంబరు మా అవ్వ. ఏడో నంబరు ఎవరో పోల్చుకోలేకపోయాను, గుంపులో కలిసిపోయిన సన్నటి గొంతు. ఎవరైతేనేం, వాళ్ళూ నవ్వారు కదా అని రాసేశాను.

“ఈ వీడియోలో ఉన్న మనిషిని ఒక్కసారి అడిగిండ్రా మేడమ్?” అంది ఫర్హానా.

“అడిగి ఆ గాయాన్ని మళ్ళీ ఎందుకు కెలకాలి అనుకున్నాను,” అన్నాను. అన్నాక నాకే ఆ జవాబు నచ్చలేదు.

ఆ సాయంత్రమే మునిలక్ష్మిని ప్రయోగశాలకు పిలిపించాను. ఇన్నేళ్ళలో ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి. తెల్లకోటు వేసుకున్న నన్ను ఎగాదిగా చూసి, “ఆస్పత్రి సీరియల్లో నర్సు మాదిరుండావు,” అంది. ఫర్హానా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఏడో నంబరు వినిపించాము. మూడు సెకన్ల నవ్వు. ఊపిరి అందక మధ్యలో తెగిపోయి, ఎక్కడో కింది నుంచి మళ్ళీ పైకి లేచే నవ్వు.

మునిలక్ష్మి మొహం మారిపోయింది. “ఇంకోసారి పెట్టు పాపా,” అంది ఫర్హానాతో. మళ్ళీ విన్నది. మూడోసారీ విన్నది. “ఇది నేనక్కా,” అంది.

నేను నంబర్లు రాసుకున్న కాగితం దగ్గరికి లాక్కున్నాను.

“అవ్వ జడ కడతా ఉంటే చక్కిలిగింత పెట్టింది గదా, అప్పటి నవ్వు. అవ్వ చెవులో బూతు చెప్పింది. ‘ఈ చీరలో నువ్వు నాకంటే బాగుండావే దొంగముండా’ అనింది. నన్ను ‘అబ్బోడా’ అనకుండా ‘ఏమే’ అని పిలిచింది ఆ పొద్దే. వీధిలో ఎంతమంది తిట్టినారో, అందరూ నన్ను ఆడబిడ్డను తిట్టినట్టే తిట్టినారు. నాకు ఎంత సంతోషంగా ఉండిందో తెలుసా నీకు? ఏడాదికి అది ఒక్క దినం. మిగతా మూడు వందల అరవై నాలుగు దినాలూ దానికోసమే బతికినా.”

“నేననుకున్నాను... నువ్వు నలిగిపోతా ఉండావని...”

“నువ్వు అనుకున్నావు. నన్నొక మాట అడిగినావా?” ఆమె గొంతు పెద్దదయింది. “నా నవ్వును తీసుకొచ్చి ఎగతాళి అని రాసిపెట్టినావు. అవ్వ నవ్వును కూడా. చచ్చిపోయినామెను నన్ను ఏడిపించినోళ్ళ లెక్కలో చేర్చినావు. ఇప్పుడు మా మాదిరోళ్ళు యాడ కడుపారా నవ్వినా నీ మిషన్ ఎర్రలైటు వేస్తాది. ఎవురినడిగి రాసినావక్కా?”

ఫర్హానా లేచి బయటికి వెళ్ళబోయింది. నేనే కూర్చోమన్నాను. ఈ మాటలకు సాక్షి ఉండాలనిపించింది. ఆ రోజు వాకిట్లో సిగ్గుతో చచ్చిపోయింది నా చెల్లెలు కాదు, నేను. నా సిగ్గును ఆమె బాధ అనుకుని, దాని మీద ఒక శాస్త్రం కట్టి, నాలుగు దేశాలు తిరిగి చెప్పి వచ్చాను.

మునిలక్ష్మి ఫర్హానా వైపు తిరిగింది. “ఆ హీరో ఏందో పచ్చ తెచ్చుకున్నాడంట గదా. ఆ నవ్వు వినిపించండి.”

ఫర్హానా వినిపించింది. పొట్టి నవ్వు, ముక్కులోంచి, సమంగా, ఎక్కడా తెగకుండా.

“ఇదా? ఈ నవ్వు నాకు బాగా తెలుసు. బ్యాంకులో నా ఆధార్ కార్డు చూసి పక్కసీటామెకు చూపించి నవ్వే నవ్వు ఇది. ఇంటర్వ్యూలో ‘మీకు ఫోన్ చేస్తామండీ’ అంటా నవ్వేది ఇదే. మమ్మల్ని నిజంగా కోసేసే నవ్వుకు చప్పుడుండదక్కా. మర్యాదగా ఉంటాది.”

ఫర్హానా ఆ వారమంతా పాత లెక్కలు తిరగేసింది. రెండేళ్ళలో గీటురాయి మాట విని ఆపేసిన కార్యక్రమాలు పద్నాలుగు. వాటిలో పదకొండు ఆ మనుషులు తమ గురించి తాము రాసుకున్నవే. గుంటూరు అమ్మాయిలిద్దరు తమ కాపురం మీదే తీసుకున్న ‘మేడమీద గది’ కూడా అందులో ఉంది. దాని ఎరుపు అరవై ఆరు. ఆ నవ్వులూ ఏడో నంబరుకే దగ్గరగా ఉన్నాయి.

పురస్కారాల కార్యదర్శి సుదర్శన్‌గారిని కలిసి జరిగింది చెప్పాను. ఆయనకు అరవై రెండేళ్ళు. మగవాళ్ళను ప్రేమించే మగవాడినని టీవీలో చెప్పుకున్న మొదటి తరం మనిషి. ఈ బహుమతిని నిలబెట్టడానికి ఆయన తిన్న తిట్లకు లెక్కలేదు. నేను చెప్పింది మొత్తం విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“జలజగారూ, ఒక్క మాట. ఈ యంత్రం తప్పని రేపు బయటపడితే ఏమవుతుందో ఆలోచించారా? ఆ పాత లేడీ గెటప్పులన్నీ మర్నాడే తిరిగొస్తాయి. ‘చూశారా, ఏది ఎగతాళో వాళ్ళకే తెలీదు’ అంటారు. నేను పదిహేనేళ్ళు పోరాడింది ఏమయిపోవాలి?”

“మరి ఆ పద్నాలుగు కార్యక్రమాలు?”

“మెల్లగా చూద్దాం. ముందు మీ చెల్లెలి విషయం తేల్చుదాం. మాండలికం తేడా వల్ల అని చెప్పి ఆ ఒక్క కార్యక్రమానికి సవరణ పెట్టండి. న్యాయంగా రావాల్సిన బహుమతి ఆమెకు వస్తుంది. యంత్రం పరువూ నిలుస్తుంది.”

నేను ఒప్పుకున్నాను. దాచడం దేనికి? నా పేరు, నా ప్రయోగశాల, దాన్ని నమ్ముకున్న ఇరవై ముగ్గురి ఉద్యోగాలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అన్నిటికంటే, చెల్లెలికి చేసిన అన్యాయం ఒక్క మీట నొక్కితే సరైపోతుందన్న ఆశ నన్ను లొంగదీసింది. సవరణ పెట్టాను. డెబ్బై ఒకటి ముప్పై ఒకటయింది. ఫర్హానా ఆ రోజంతా నాతో ముక్తసరిగా మాట్లాడింది.

మునిలక్ష్మికి ఫోన్ చేసి చెప్పాను, శుభవార్త చెప్పినట్టే.

“ఫర్హానా చెప్పిన ఆ పద్నాలుగు మందికీ సరిచేసినావా?” అంది.

“వాళ్ళవి మెల్లగా చూద్దామంటా ఉండారు. ముందు నీది...”

“ఊ.”

“బహుమతి నాడు వస్తావు గదా?”

“వస్తా అక్కా. ఎందుకు రాను,” అని పెట్టేసింది. ఆ గొంతు నాకు నచ్చలేదు గాని, కోపం తగ్గాక సర్దుకుంటుందిలే అనుకున్నాను.

బహుమతి సభ శనివారం సాయంత్రం, ఆరు వందల మంది పట్టే హాల్లో. లోపలికి వచ్చే ప్రతివాళ్ళకూ గుమ్మం దగ్గరే బిళ్ళ అంటించారు. వేదిక వెనక పెద్ద బోర్డు మీద సభ నవ్వుల రంగు అప్పటికప్పుడు కనిపిస్తుంది. జనం ముచ్చటపడతారని రెండేళ్ళ కిందట ఆ ఏర్పాటు చేయించింది నేనే. తెల్లకోటు వేసుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని వేదిక మీద ఒక పక్క కుర్చీలో కూర్చున్నాను. మూడో వరుసలో గుంటూరు అమ్మాయిలు కనిపించారు. మునిలక్ష్మి పిలిచిందట.

సుదర్శన్‌గారు ‘అద్దె ఇల్లు’ పేరు చదివారు. ఎరుపు ముప్పై ఒకటి అని కూడా చదివారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మునిలక్ష్మి వెంకటగిరి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లెక్కింది. జ్ఞాపికను అందుకుని, ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, సుదర్శన్‌గారి చేతిలోనే తిరిగి పెట్టింది.

“కార్యక్రమం మాదే సార్,” అంది మైకులో. “అంకె మాది కాదు. అక్కా, అసలంకె ఎంతో చెప్పు.”

లైవ్ కెమెరా ఎర్రచుక్కతో నా వైపు తిరిగింది. సుదర్శన్‌గారు నా పక్కకు వచ్చి, “ప్రసారం లైవ్‌లో ఉంది,” అన్నారు మెల్లగా. ఆయన మీద నాకు కోపం రాలేదు.

నేను లేచాను. ప్రయోగశాలలో ఇరవై ముగ్గురు గుర్తొచ్చారు, మళ్ళీ ఆ పద్నాలుగు కార్యక్రమాలు గుర్తొచ్చాయి. “డెబ్బై ఒకటి,” అన్నాను. “ముప్పై ఒకటి నేను దిద్దిన అంకె.”

గుసగుసలు మొదలయ్యాయి. గొంతు పెంచాల్సి వచ్చింది. “డెబ్బై ఒకటి కూడా తప్పే. ఎగతాళి అంటే ఏమిటో ఈ యంత్రానికి నేర్పింది నేను. ఒక తొమ్మిదేళ్ళ బిడ్డ సంతోషంగా నవ్విన నవ్వును, ఆ బిడ్డను అడగకుండా, ఎగతాళి అని రాశాను. ఆ ఒక్క నవ్వును పట్టుకుని ఇది లక్షల నవ్వులకు రంగులేసింది. దీని మాట మీద పద్నాలుగు కార్యక్రమాలు ఆపేశారు. వాటిలో పదకొండు ఆ మనుషులు తమ గురించి తాము రాసుకున్నవే. వాళ్ళు ఎవరినీ అవమానించలేదు. అవమానించింది నేను.”

ట్యాబ్‌లో సవరణ తీసేశాను. బోర్డు మీద అంకె సున్నాకు వచ్చి నిలబడింది. ముందు వరుసలోంచి చానల్ పెద్ద ఒకాయన లేచి, “ఇదేం ప్రహసనమండీ, ఆపించండి. రేపట్నుంచి ఎవడు పడితే వాడు చీరకట్టుకుని వెకిలివేషాలేస్తాడు,” అన్నాడు.

“వెయ్యనీండి సార్,” అంది మునిలక్ష్మి. “వాళ్ళ సంగతి మేం చూసుకుంటాం. వాళ్ళకంటే బాగా నవ్వించి చూపిస్తాం. మమ్మల్ని కాపాడతామని చెప్పి మా నోళ్ళే మూసినారు గదా రెండేళ్ళు. ఇంక మీ కాపలా మాకొద్దు.” ఆయన ఇంకేదో అనబోతే గుంటూరు అమ్మాయిల వెనక వరుస మొత్తం “కూర్చోండి” అని అరిచింది. ఆయన కూర్చున్నాడు.

మునిలక్ష్మి నా వైపు తిరిగింది. “చెప్తే ఎవురు నమ్ముతారక్కా. చూపిద్దాం రా. నువ్వు ఇంటావిడవి. నేను ఇల్లడగడానికి వచ్చినా.”

“నాకు నటించడం రాదు మే.”

“నటించబల్లేదు. ఎప్పుడూ ఉన్నట్టే ఉండు, చాలు.”

హాలు నవ్వింది. బోర్డు మీద ఎరుపు ఇరవై రెండు.

నేను తెల్లకోటు సర్దుకుని నిలబడ్డాను. ఏమనాలో తెలియక, “ఎవరు కావాలి?” అన్నాను, ప్రయోగశాలకు కొత్తగా వచ్చినవాళ్ళను అడిగినట్టే.

“ఇల్లు ఖాళీ ఉందని బోర్డు చూసి వచ్చినామమ్మా.”

“మాకు ఫ్యామిలీ వాళ్ళే కావాలి.”

“మేము ముగ్గురక్కచెల్లెళ్ళం, ఇంతకంటే ఫ్యామిలీ యాడుంటాదమ్మా. మొగుళ్ళు లేరు కాబట్టి కొట్లాటలు కూడా ఉండవు.”

నలభై ఎనిమిది. రూలు దాటింది. ఎవరూ పట్టించుకోలేదు.

“మా ఇంట్లో మగవాళ్ళు తిరగడానికి వీల్లేదు,” అన్నాను. ఈసారి గొంతు దానంతటదే వచ్చింది. మా అమ్మ గొంతు అది.

మునిలక్ష్మి నిట్టూర్చి చెంగుతో కళ్ళొత్తుకుంది. “అట్లా శపించబాకమ్మా. పదేళ్ళుగా ముగ్గురం దీపాలు పెట్టి మొక్కుతా ఉంటేనే ఒక్కడూ తిరగడంలా.”

హాలు విరగబడింది. గుంటూరు అమ్మాయిలు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. వాళ్ళ గొంతుల కింద బిళ్ళలు ఎర్రగా మండుతున్నాయి. పక్కవాళ్ళు అది చూశారు. తమ మెడలూ తడుముకుని చూసుకున్నారు, అక్కడా ఎరుపే. దాన్ని చూసి ఇంకా నవ్వారు. డెబ్బై తొమ్మిది. వేదిక పక్కన జ్ఞాపిక పట్టుకుని నిలబడ్డ సుదర్శన్‌గారు పెదవులు బిగబట్టుకుని ఆపుకోవాలని చూశారు. ఆపుకోలేక, ఊపిరి తెగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయారు. ఆ మనిషి అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన బిళ్ళ కూడా ఎర్రబడింది.

ముందు వరుసలో ఫోన్లు మోగుతున్నాయి. ఎవరో కెమెరా వాళ్ళకు ఆపమని సైగ చేస్తున్నారు. కెమెరా అబ్బాయి కన్ను తుడుచుకుంటూ చూడనట్టు నటించాడు. నా ఉద్యోగం ఆ క్షణానికే పోయి ఉంటుందని నాకు తెలుసు. వాకిట్లో ఏడ్చిన ముప్పై నాలుగేళ్ళ తర్వాత, నా చెల్లెలి ఎదురుగా నిలబడి, ఆమెతో కలిసి, మొదటిసారి పడీపడీ నవ్వాను.

“ఎంతయిందక్కా?” అంది మునిలక్ష్మి, బోర్డుకు వీపు పెట్టి నిలబడే.

కళ్ళు తుడుచుకుని చూశాను. “తొంభై ఆరు.”

“ఇంకా నాలుగుండాయి గదా,” అంది. “తర్వాత డైలాగు చెప్పు.”